సూదికి ముందు చూపు

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో ఒరగల్లుకు పని తగ్గి కొన్నేండ్లయినది. పాత గాజుల జత తీసికొనిపోయి యిచ్చినచో, అంగడివారు దానిని రాతిమీద గీచి ఆమ్లపు చుక్క వేసి రంగు చూచుటకు బదులు, ఒక చిన్న పెట్టె మూత యెత్తి అందులో నుంచి, మీట నొక్కి, బంగారమింత, రాగి యింత, వెండి యింత యని కాగితము చేతబెట్టుదురు. ఆ పెట్టెలో పనిచేయునది ఎక్స్‌రే. కిరణము లోహమును తాకగా లోహము తిరిగి వెలువరించు కిరణములను లెక్కించి, నగను కోయకుండ, కరగింపకుండ, దాని గుట్టు చెప్పు విద్య యది. పైపూత దట్టముగ నున్నచో ఆ యంత్రమును మోసపోవును. అనుమానము తీరనపుడు కరగించి చూచుటయే శరణ్యము. యంత్రము ఎంతవరకు చూడగలదో యెరిగి వాడుకొనుటలోనే అంగడివారి నేర్పున్నది. నాలుగు గ్రాముల ఉంగరము విషయమున ఇంత జాగ్రత్త చూపు మనము, కన్నబిడ్డ ముఖమును మాత్రము లోపల నేమున్నదో చూడనివారి చేతి సూదికి అప్పగించుటకు జంకుట లేదు.

అందము కొరకు చేయు చికిత్సలు హైదరాబాదు, బెంగళూరులకే పరిమితమై యుండిన దినములు గడచినవి. నుదుటి ముడుతలు కనబడకుండ కండరమును కొన్ని నెలలు నిద్రబుచ్చు బొటాక్సు, పల్లమైన చెంపను, పలుచని పెదవిని, అణగిన ముక్కుదూలమును నింపు ఫిల్లరు, వీని పేర్లు కడప జిల్లా పెండ్లిండ్లలో గూడ వినబడుచున్నవి. మొన్నటి వేసవిలో మా బంధువుల యింట ఒక పెండ్లికూతురు, ముహూర్తమునకు రెండు నెలల ముందు, ముక్కుదూలము కొంచెము ఎత్తు చేయించుకొందునని పట్టుబట్టెను. జమ్మలమడుగు నుండి వచ్చిన మేనత్త, “ఏమ్మే, మొగం బాగుండాది గదా, మళ్లా సూదులేంటికి?” అని యొక్కమాట అడిగి వక్కాకు నములుచు కూర్చుండెను. నేనా మాట అడుగలేదు. ముఖమెవరిదో దానిమీది కోరికయు వారిదే. చదువుకొని ఉద్యోగము చేయుచున్న పిల్లకు నీ ముక్కు బాగుగనే యున్నదని తీర్పు చెప్పుటకు మనమెవరము? నేనడిగినది వేరు: సూది దిగబోవు చోట నెత్తురునాళము ఏ ప్రక్కన, ఎంత లోతున నున్నదో ఆ వైద్యుడు చూచునా?

పాఠకులు తమ చూపుడువ్రేలిని దవడయెముక క్రిందియంచున, పండ్లు బిగించినపుడు ఉబికి వచ్చు నమలు కండరమునకు ముందుప్రక్కన నుంచి, మెల్లగ నదిమి చూతురు గాక. కొట్టుకొనుచున్న నాడి యొకటి తగులును. అది ముఖధమని. అచ్చటనుండి యది చెంపలోనికెక్కి, నవ్వినను, నమలినను, ఆవులించినను తెగకుండుటకై పామువలె మెలికలు తిరుగుచు, పెదవులకు కొమ్మలనిచ్చి, ముక్కు ప్రక్కగ పైకి సాగును. పుస్తకములలోని బొమ్మలో అది యెల్లపుడును కంటికొలకు వరకు చేరును. మనుష్యులలో అట్లు కాదు. కొందరిలో పెదవి దగ్గరనే ముగియును, కొందరిలో ముక్కురెక్క దగ్గర. ఒకే ముఖమున కుడిప్రక్క నొకతీరు, ఎడమప్రక్క వేరొకతీరు నుండుటయు కలదు. లోతు సంగతియు నంతే; ఒకచోట కండరము చాటున దాగును, మరియొకచోట చర్మము క్రిందనే పారును. కావున పుస్తకము చదివిన వైద్యునికి సగటు ముఖము తెలియును గాని, ఎదుట కుర్చీలో కూర్చున్న ముఖము తెలియదు. పెన్నానది పటమును గోడకు వ్రేలాడదీసికొని ఈ యేడు పాయ ఎటు తిరిగినదో చెప్పగలవాడు ప్రొద్దుటూరిలోను లేడు, జమ్మలమడుగులోను లేడు. గట్టున నిలిచి చూడవలసినదే.

కత్తికి ముందు చూపు ఉండవలెనన్న తెలివి ఈ దేశమునకు క్రొత్తది కాదు. తెగిన ముక్కును తిరిగి కట్టుటకు ముందు దాని కొలతకు ఒక ఆకును కత్తిరించుకొనుమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. 1794 అక్టోబరులో లండనునందలి జెంటిల్మన్స్ మ్యాగజైన్ అను పత్రికలో ఒక లేఖ అచ్చుపడెను. ఆంగ్లసైన్యమునకు ఎడ్లబండి తోలుచుండిన కావస్‌జీ యను మరాఠావాడు టిప్పు సైనికుల చేతజిక్కి ముక్కు పోగొట్టుకొనెననియు, పూనా ప్రాంతపు దేశీయ వైద్యుడొకడు నుదుటి చర్మముతో అతనికి క్రొత్త ముక్కు నమర్చెననియు అందలి వృత్తాంతము. ఆ వైద్యుడు మొదట పలుచని మైనపురేకును పోయిన ముక్కు తావున ముక్కువలె తీర్చి, దానిని చదును చేసి నుదుటిమీద పరచి, దాని యంచు వెంబడి గీత గీసికొని, ఆ పిమ్మటనే కత్తి పట్టెను. ఆ లేఖ ప్రేరణచేతనే కార్ప్యూ అను ఆంగ్లవైద్యుడు 1814లో లండనులో అట్టి చికిత్స చేసెను. ముఖశస్త్రమునకు చిత్రము తోడు కావలెనన్న తలంపునకు ఆ మైనపురేకు పెద్దమ్మ యని నేననుకొందును.

ఆ నుదుటి తోలు క్రొత్తచోట చావక బ్రతికిన దెట్లు? కనుబొమల నడుమ దానిని పూర్తిగ తెంపక ఒక తొడిమవలె నిలిపి, త్రిప్పి క్రిందికి దింపినందున. ఆ తొడిమలో పారునది, కంటిగూటి పైయంచున లోప్రక్కనుండి నుదుటికెక్కు ఒక సన్నని ధమని. పూనా వైద్యునికి దాని పేరు తెలిసియుండదు, దాని విలువ తెలిసియుండెను. ఇక దాని పుట్టుక చూడుడు: అది కంటి ధమనికి కొమ్మ. కంటిలోపల వెనుకప్రక్కనున్న నేత్రపటలమునకు నెత్తురు గొనిపోవు నాళము అదే ధమనికి మరియొక కొమ్మ. కనుబొమల నడుమనో, ముక్కుదూలము మీదనో ఫిల్లరు పెట్టునపుడు సూదిమొన ఈ కొమ్మలలో నొకదానిలోనికి దిగినచో, పిచికారి యొత్తిడికి ఆ జిగురు నెత్తురు నడకకు ఎదురెక్కి కంటి ధమనిని చేరును. చేతి ఒత్తిడి సడలినంతనే నెత్తురుతో కలిసి ముందుకు సాగి నేత్రపటలపు నాళమును మూసివేయును. నెత్తురు లేక నేత్రపటలము ఓర్వగలిగినది గంటన్నర ప్రాంతము. ఆ మీదట చూపు మరలుట దుర్లభము. కావస్‌జీకి ముక్కునిచ్చిన నాళమే నేటి పెండ్లికూతురి కంటిని తీసికొనగలదన్నమాట. ఇట్టి ప్రమాదము మిక్కిలి అరుదు. ఆ మాట దాచుట న్యాయము గాదు. హయాలురోనిక్ ఆమ్లముతో చేసిన ఫిల్లరును కరగించు హయాలురోనిడేస్ అను ఎంజైము గలదు. చర్మమునకు నెత్తురు ఆగినపుడు వెంటనే వాడినచో అది మేలు చేయును. కంటి విషయమున దానిని నమ్ముకొని కూర్చుండరాదు. అది చేతికందునట్లు లేని చోట ఫిల్లరు పిచికారి విప్పుటయే తప్పు.

చూచుటకు సాధనములు లేవా యన్న, కావలసినన్ని యున్నవి. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రంట్‌జెన్ కనుగొన్న కిరణము ఆ డిసెంబరులోనే ఆయన భార్య చేతిని చిత్రించెను. మాంసము మాయమై, ఎముకలును, ఒక వ్రేలికి తగిలియున్న ఉంగరమును మాత్రము మిగిలినవి. ముఖమునందు మనకు కావలసినదో, ఆ మాయమైన మాంసమే. హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సీటీ స్కానరు 1971 అక్టోబరు 1వ తేదీన లండనునందు మొదటి రోగి తలను పొరలు పొరలుగ చూపిన పిమ్మట ఆ కొరత కొంత తీరెను. ముసలితనమున ముఖము జారుట చర్మము వదులగుటవలననే యని అంతకుముందు పెక్కుమంది తలంపు. వేర్వేరు వయస్సుల వారి సీటీ చిత్రములను ప్రక్కప్రక్కన బెట్టి కొలువగా, వయస్సుతోపాటు కంటిగూడు విశాలమగుననియు, పైదవడ వెనుకకు తగ్గుననియు, ఎముకలోని ముక్కురంధ్రము వెడల్పగుననియు తేలెను. పందిరిగుంజలు క్రుంగిన పిమ్మట పైగుడ్డను ఎంత లాగి కట్టినను ప్రయోజనమేమి? 2007లో రోరిక్, పెస్సా యను టెక్సాసు వైద్యులు శవముల ముఖములలో రంగు ఎక్కించి చూచి, చెంపక్రొవ్వు ఒకే ముద్ద కాదనియు, దానిమ్మపండులోని అరలవలె నడుమ గోడలు గల వేర్వేరు భాగములనియు చెప్పిరి. ఏ యర ఎండినదో యెరుగక చెంపనంతటిని ఉబ్బించుట యెంత మొరటుపనియో అప్పుడు తెలిసినది.

అయినను అందము మాత్రమే కోరి వచ్చినవారిని సీటీ బల్లమీద పరుండబెట్టుట నాకు సమ్మతము గాదు. కిరణము ఊరక పోదు. రోగమున్నచోట దాని నష్టమునకు మించిన లాభముండును, లేనిచోట నుండదు. మరియొక వింతయు నున్నది. వెల్లకిల పరున్నవాని చెంపలు చెవుల వైపునకు జారును. అందుచే సీటీలో కనబడు ముఖము మనమెరిగిన ముఖము గాదు. దంతవైద్యులు వాడు కోన్‌బీమ్ సీటీలో మనిషి కూర్చుండియో నిలుచుండియో యుండును, కిరణమును తక్కువ; కాని యది ఎముకను, పంటిని చూపినంత చక్కగ మెత్తని భాగమును చూపదు. దానికి తగిన పని వేరే యున్నది. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు, తల్లి గ్రహణమునాడు కత్తి పట్టినదని ఇంటివారు నిందింతురు గాని, పెదవి కుట్టిన కొన్నేండ్లకు, కోరపన్ను దిగకమునుపు, చిగురుటెముకలోని చీలికను తుంటియెముకతో పూడ్చవలసి యుండును. ఆ చీలిక యెంతయో కొలుచుటకు కోన్‌బీమ్ వంటిది లేదు. ఎమ్మారై మెత్తని భాగములను మిక్కిలి బాగుగ చూపును, ఖర్చెక్కువ, సమయమెక్కువ.

మా పెండ్లికూతురితో స్కానింగు మాట యెత్తినపుడు, “స్కానింగంటే కడుపుకు గదా తీసేది చిన్నాయనా, మొగానికి గూడా తీస్తారా?” అని నవ్వినది. తీయుదురు. తీయవలెననియే నా వాదము. కడుపును చూచు అల్ట్రాసౌండు ప్రోబు రెండు మొదలు ఐదు మెగాహెర్ట్జుల ధ్వనిని పంపును. అది లోతుకు పోవును గాని సూక్ష్మము చూపలేదు. ముఖమునకు పదునైదు, ఇరువది మెగాహెర్ట్జులును, అంతకు పైబడియు గల ప్రోబు వాడుదురు. లోతుకు పోలేదు, పోనక్కరయు లేదు. చర్మము, క్రొవ్వు, కండరము, ఎముక యంచు, అన్నియు పొరలు పొరలుగ కనబడును. దానికి డాప్లరు జోడించినచో నెత్తురు పారుచోటు రంగుతో మెరయును. (ఎరుపు ధమని, నీలము సిర యని పెక్కురనుకొందురు, అది పొరపాటు. నెత్తురు ప్రోబు వైపు వచ్చుచున్నదా, తొలగిపోవుచున్నదా యన్నదే ఆ రంగుల యర్థము.) జెల్లు దట్టముగ రాసి చేయి తేలికగ నుంచవలయును, ప్రోబును నొక్కినచో సన్నని నాళము అణగిపోయి, లేదని భ్రమ కలిగించును.

దీనితో మరియొక ప్రయోజనము గలదు. ఎక్కడనో, ఎవరిచేతనో, ఎప్పుడో ముఖమున ఏదియో పెట్టించుకొని, దాని పేరుగూడ తెలియక, గడ్డ కట్టినదని వచ్చువారు కలరు. హయాలురోనిక్ ఫిల్లరు తెరమీద నల్లని కొలనువలె కనబడును. ద్రవసిలికోను మంచుతుఫానువలె తెల్లగ కమ్మి వెనుకనున్నదానిని కప్పివేయును. సున్నపు కణములు గలది తెల్లగ మెరసి క్రింద నీడ పరచును. మొదటిది ఎంజైముతో కరగును, తక్కినవి కరగవు. రోగి చెప్పలేని సంగతిని తెర చెప్పుచున్నది. చికిత్స యంతయు దానిమీద నాధారపడి యుండును.

ఇచ్చట మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. పిండము ఆడో మగో చెప్పుటను నిషేధించిన 1994 నాటి చట్టము ప్రకారము అల్ట్రాసౌండు యంత్రము ఎంత చిన్నదైనను, ఎందుకు వాడినను, నమోదు కావలసినదే. వాడువారికి తగిన అర్హత యుండవలసినదే. చర్మవైద్యుడు ముఖము చూచుటకని జేబులో పట్టు ప్రోబు కొన్నను ఈ నియమము తప్పదు. సౌందర్యవైద్యులలో కొందరికి ఇది అనవసరపు ప్రతిబంధకమని తోచును. నాకట్లు తోచదు. పుట్టబోవు ఆడపిల్లను గాపాడుటకై వచ్చిన చట్టమును, పెరిగిన ఆడపిల్ల ముక్కు దిద్దుటకై సడలించుట మిక్కిలి విపరీతముగ నుండును. దారి వేరే యున్నది. మన పట్టణములలో నమోదైన స్కానింగు కేంద్రములకు కొదువ లేదు. థైరాయిడు గ్రంథిని చూచుటకు వాడు చదునైన ప్రోబు ముఖపు పెద్ద నాళములను చూపుటకు చాలవరకు సరిపోవును. చర్మవైద్యుడు తన రోగిని అచ్చటికి తీసికొనిపోయి, స్కానింగు వైద్యునితో గలిసి కూర్చుండి, నాళము పోవు దారిని చర్మముపై సిరాతో గుర్తు పెట్టించుకొనినచో నెవరి గౌరవమును తగ్గదు. పూనా వైద్యుడు గీత గీసికొనుటకు సిగ్గుపడలేదు గదా.

చిత్రమును మెచ్చుకొని ఇంతదూరము వచ్చితిని గాని, దానికి భయపడవలసిన చోటును గలదు. చూపుటకు పుట్టిన యంత్రము అమ్ముటకు దిగినపుడు అది మరియొక వస్తువగును. ముఖమును తెరమీద త్రిప్పి, ఎడమ కనుబొమ ఇంత పల్లమనియు, గడ్డము ఇంత వెనుకబడెననియు గీతలు గీసి చూపు పద్ధతి యొకటి బయలుదేరినది. ఆ గీతలకు ప్రమాణమెవరు? 1948లో డౌన్సు అను అమెరికా దంతవైద్యుడు ప్రకటించి, ప్రపంచమంతట పాఠమైన కొలతలు, పండ్లవరుస చక్కగనున్న 20 మంది తెల్లజాతి పిల్లల ఎక్స్‌రేల నుండి తీసినవి. ఆ యిరువదిమందికి తమ దవడలు రాయలసీమ దవడలకు కొలబద్ద యగునని తెలియదు పాపము. మన శిల్పులకును కొలత గలదు. ముఖము పండ్రెండు శిల్పాంగుళములు, అది నుదురు, ముక్కు, గడ్డముగ మూడు సమభాగములు. కాని తాలమానమను ఆ కొలత విగ్రహము కొరకు పుట్టినది. గండికోట మాధవరాయ గుడిలో శిలలు చెక్కినవారెవరును ఆ కొలబద్ద పట్టుకొని ఇంటికి పోయి భార్య ముఖము కొలిచియుండరు.

ఇంకను విచిత్రము, ఈ కోరికలలో కొన్ని ముఖమునుండి గాక సెల్‌ఫోనునుండి పుట్టుచున్నవి. ఐదడుగుల దూరమునుండి తీసిన బొమ్మతో పోల్చినచో, పండ్రెండంగుళముల దూరమున తీసికొన్న సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతము వెడల్పుగ కనబడునని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి చూపిరి. లోపము కటకమునకు దగ్గరగ నుంచిన చేతిది, శిక్ష ముక్కునకు.

ముఖమును వేరొక తీరున చూచిన వైద్యులును మన ప్రాంతమున నుండిరి. జమ్మలమడుగులో లండను మిషనువారి కాలమునాటి కాంబెల్ ఆసుపత్రి గలదు. పులివెందులవాడైన వై.యస్. రాజశేఖరరెడ్డి వైద్యము చదివి వచ్చి అచ్చట వైద్యాధికారిగ పనిచేసి, 1973లో తండ్రి పేర పులివెందులలో 70 పడకల ఆసుపత్రి నెలకొల్పెను. ఆ తరము వైద్యునికి ముఖమనగా పాలిపోయిన కనురెప్ప, పచ్చబడిన కన్ను, నీలమెక్కిన పెదవి. రోగి నోరు తెరువకమునుపే సగము రోగము చదువుటకు వీలైన పుట. ఆ చదువరులు నేడు తగ్గిరి. మరి ఈ ప్రాంతమున ముఖమును దిద్దించుకొనవలసినవారు పెండ్లికూతుండ్రు మాత్రమే కారు: ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు గోధుమరంగు తిరిగి నవ్వునపుడు చేయి అడ్డము పెట్టుకొను పల్లెపిల్లలు, మోటారుసైకిలు మీదినుండి పడి చెంపయెముక నలిగిన యువకులు, గ్రహణమొర్రి బిడ్డలు. కడపలో ప్రభుత్వ వైద్యకళాశాల గలదు, ప్రభుత్వ దంతవైద్యకళాశాల గలదు. ప్రమాదములకు గురియై వచ్చినవారికి ఎట్లయినను తీయు సీటీ చిత్రములు అచ్చట నుండును. పేర్లు తొలగించి, రోగుల సమ్మతితో, వానినే కొలిచినచో, ఎవరికిని క్రొత్తగ కిరణము తగులకుండ, మన యెముకల కొలతలు మన కేర్పడును. ఇట్టి పనికి యంత్రముకంటె ఓపిక యెక్కువ కావలయును.

మా పెండ్లికూతురు తాను పోదలచిన చోటికే పోయి, నా ప్రశ్న అడిగినది. ఆ ఊరు, ఆ పేరు ఇచ్చట అనవసరము. స్కానింగు అక్కరలేదనియు, తన చేతికి అనుభవమున్నదనియు వైద్యుడు చెప్పెనట. కరగించు మందున్నదా యన్న, కావలసినచో తెప్పింతుమనెనట. పిల్ల లేచి వచ్చినది. ముక్కు మాట మానుకొనలేదు. పెండ్లి కానిమ్ము, చూచి పెట్టువారు దొరికినపుడు పెట్టించుకొందునన్నది. ఈలోగా మేనత్త తన పాత ముక్కుపుడక తీసి దీనిని కరగించి క్రొత్తది చేయించుకొమ్మని యిచ్చినందున, అందరమును కలిసి ప్రొద్దుటూరు పోయితిమి. అంగడివారు దానిని చేత తీసికొని, మాట యొక్కటియు లేక, పెట్టె మూత యెత్తి అందులో నుంచిరి.